సూత్రం కంటే ముందు రావలసిన మాట: పదో తరగతి భౌతికశాస్త్రం గురించి

అమ్మా, మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీ అమ్మాయి ఏడో తరగతి దాకా కర్నూలులో తెలుగు మాధ్యమంలో చదివి, మీ ఉద్యోగం వల్ల బెంగళూరు వచ్చి, వైట్‌ఫీల్డు దగ్గర ఒక సీబీఎస్‌ఈ బడిలో చేరింది. జీవశాస్త్రంలోనూ గణితంలోనూ మార్కులు బాగానే వస్తున్నాయి. భౌతికశాస్త్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం సూత్రాలన్నీ నోటికి వచ్చినా లెక్క చూడగానే చేయి ఆడడం లేదు. పదో తరగతి మొదలైంది కాబట్టి ట్యూషన్ పెట్టించాలా, తెలుగు మాధ్యమంలో చదవడమే దీనికి కారణమా, పీయూసీలో (మన ఇంటర్మీడియట్ లాంటిది) సైన్సు తీసుకోవాలన్న ఆమె కోరికను ఇప్పుడే మాన్పించాలా అని మీరు అడిగారు. నేను అనంతపురం జిల్లా నుంచి వచ్చి, ఈ ఊరి బడుల్లోనూ పీయూ కళాశాలల్లోనూ కలిపి 30 ఏళ్లకు పైగా ఈ ఒక్క పాఠమే చెప్పి విరమించుకున్నవాణ్ణి. మీ మూడు ప్రశ్నలకూ జవాబులున్నాయి కానీ, వాటికంటే ముందు మీరు అడగని ప్రశ్న ఒకటుంది: సూత్రం వచ్చిన పిల్లకు లెక్క ఎందుకు రావడం లేదు? అది తేలకుండా ట్యూషన్ గురించి మాట్లాడడం రోగం తెలియకుండా మందు రాయడమే అవుతుంది.

కిందటేడు మా వీధిలోని ఒక కుర్రవాడు, తొమ్మిదో తరగతి పూర్తయినవాడు, సరిగ్గా ఇదే ఇబ్బందితో నా దగ్గరికి వచ్చాడు. న్యూటన్ మొదటి నియమం చెప్పమంటే ఒక్క అక్షరం పొల్లు పోకుండా ఇంగ్లీషులో అప్పజెప్పాడు. చేతికి ఒక రబ్బరు బంతి ఇచ్చి పైకి విసరమన్నాను. విసిరి పట్టుకున్నాడు. బంతి చేతిని వదిలి పైకి పోతున్న క్షణంలో దాని మీద పనిచేసే బలాలను కాగితం మీద గీయమంటే, కిందికి ఒక బాణం, పైకి అంతకంటే పెద్ద బాణం గీశాడు. కింది బాణం భూమి ఆకర్షణ, సరే. పై బాణం ఏమిటని అడిగితే ‘ఫోర్స్ ఆఫ్ హ్యాండ్’ అన్నాడు. బంతి కొనదాకా పోయి ఆగినప్పుడు రెండు బాణాలూ సమానమవుతాయని కూడా తనంతట తానే చెప్పాడు. అప్పుడు నేను ఇంగ్లీషు వదిలేసి, ‘చేయి ఇక్కడే ఉంది కదా నాయనా, బంతి అక్కడెక్కడో ఉంది, మరి చేయి దాన్నెలా తోస్తోంది?’ అని అడిగాను. వాడు తన అరచేతి వైపు చూసుకున్నాడు. కాసేపటికి, ‘వదిలేశాను కదా సార్, తోయడం లేదు’ అన్నాడు. ఆ వెంటనే, ‘అయితే అది పైకి ఎందుకు పోతోంది?’ అని వాడే నన్ను అడిగాడు.

ఆ ప్రశ్న వాడికి ఏడాది కిందటే పుట్టవలసింది. పోతూ ఉన్నది పోతూనే ఉంటుంది, దాన్ని మార్చేవాడు ఉంటేనే మారుతుంది అన్నది మొదటి నియమం. వాడు కంఠతా పెట్టింది అదే. కానీ ఆ వాక్యానికీ చేతిలోని బంతికీ సంబంధం ఉందని వాడికి ఎవరూ చూపించలేదు, వాడూ వెతకలేదు. బంతి కొనదాకా చేరిన క్షణంలో వేగం సున్నా అవుతుంది కానీ త్వరణం, అంటే వేగం మారే రేటు, సున్నా కాదు, అప్పుడు కూడా ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 9.8 మీటర్ల చొప్పున కిందివైపుకు మారుతూనే ఉంటుంది. రెండూ సున్నా అయితే బంతి అక్కడే వేలాడాలి అని చెప్పినప్పుడు వాడు నవ్వాడు. ఆ నవ్వు వచ్చిన తర్వాత ‘వీ ఈక్వల్ టు యూ ప్లస్ ఏటీ’ (చివరి వేగం = మొదటి వేగం + త్వరణం × కాలం) అన్న సూత్రంలో ఏ గుర్తు ఎక్కడ పెట్టాలో వాడికి మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు.

మీ అమ్మాయి విషయంలోనూ లోపం జ్ఞాపకశక్తిలో లేదని, గణితం బాగా చేస్తోంది కాబట్టి గణితంలోనూ లేదని నా నమ్మకం. లెక్క చదవగానే ఆమె సూత్రాన్ని వెతుకుతోంది. వెతకవలసింది సంగతిని. అక్కడ ఏముంది, ఏది కదులుతోంది, దేన్ని ఏది తోస్తోంది లేదా లాగుతోంది, మొదట ఎలా ఉంది, చివరకు ఎలా అవుతుంది అన్నది రెండు వాక్యాల్లో సొంత మాటల్లో చెప్పగలిగిన తర్వాతే సూత్రం పనికి వస్తుంది. అది లేకుండా సూత్రంలో అంకెలు వేయడం నేల విడిచి సాము చేయడం. గణితం పరీక్షలో ఏ అధ్యాయం లెక్కో ముందే తెలిసిపోతుంది కాబట్టి ఆ సాము కొంతవరకు చెల్లుతుంది, భౌతికశాస్త్రంలో చెల్లదు.

ఇక్కడే మీ తెలుగు మాధ్యమం ప్రశ్నకు జవాబు ఉంది. తెలుగులో చదవడం ఆమెకు అడ్డం కాదు, పెట్టుబడి. మన పాఠ్యపుస్తకాల పరిభాషను చేసినవారు ఎంతో ఆలోచించి చేశారు. ఇంగ్లీషులో ‘మొమెంటం’ అన్న మాట వింటే పిల్లవాడికి ఏమీ తెలియదు, తెలుగులో ద్రవ్యవేగం అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణించాలని ఆ మాటే చెబుతుంది. త్వరణంలో త్వర ఉంది. వక్రీభవనంలో వంగడం ఉంది. జడత్వం అన్న మాటలో కదలకుండా మొండికేసే గుణం కనిపిస్తూనే ఉంటుంది, అయితే కదిలేది ఆగకుండా మొండికేయడం కూడా జడత్వమేనని అదనంగా చెప్పుకోవాలి. ఆమె దగ్గర ఈ మాటలన్నీ ఉన్నాయి. కొత్త బడిలో అవి పనికిరావని ఎవరో అనగా విని, లేదా ఎవరూ అనకపోయినా తానే అనుకుని, మూటగట్టి అటక మీద పెట్టేసి ఉంటుంది. ఆ మూటను దింపించండి. ఒక చిన్న పుస్తకంలో ఇంగ్లీషు మాటకు ఎదురుగా తెలుగు మాటను రాసుకోమనండి. పదో తరగతికి కావలసినవి 60, 70 మాటలకు మించవు, నాలుగు ఆదివారాల పని.

అయితే మన వాడుక భాష చేసే మోసం కూడా ఒకటుంది, దాన్ని చెప్పకపోతే సగమే చెప్పినట్టు. రోడ్డు మీద బోర్డులు ‘వేగ పరిమితి’ అంటాయి. పాఠం లెక్క ప్రకారం అది వడి, ఎందుకంటే దానికి దిశతో పని లేదు. ఇంట్లో బలం, శక్తి, సామర్థ్యం, పవర్ అన్న మాటలను మనం ఇష్టం వచ్చినట్టు ఒకదానికి బదులు మరొకటి వాడుకుంటాం. పాఠంలో బలాన్ని న్యూటన్లలోనూ, శక్తిని జౌళ్లలోనూ, సామర్థ్యాన్ని వాట్లలోనూ కొలుస్తారు, వాటిని కలిపితే లెక్క అక్కడికక్కడే చెడుతుంది. నిండు బిందెను నడుము మీద పెట్టుకుని కుళాయి దగ్గర అరగంట నిలబడిన మనిషి పని చేయలేదని చెబితే మా అమ్మ నన్ను చీపురుతో కొట్టేది. కానీ భౌతికశాస్త్రం అర్థంలో బిందె కదలలేదు కాబట్టి బిందె మీద జరిగిన పని సున్నా. నా బరువు 50 కిలోలు అంటాం. నిజానికి 50 కిలోలు ద్రవ్యరాశి, బరువు దాదాపు 490 న్యూటన్లు. ఇంగ్లీషు మాధ్యమం పిల్లలకు కూడా ఈ చిక్కు తప్పదు, ఎందుకంటే వాళ్లు నిర్వచనాన్ని ఇంగ్లీషులో రాసినా ఆలోచించేది ఇంటి మాటల అర్థంతోనే. కాబట్టి ఆ చిన్న పుస్తకంలో మూడో గడి కూడా పెట్టుకోమనండి: ఈ మాటను ఇంట్లో ఏ అర్థంలో వాడతాం, పాఠంలో ఏ అర్థంలో వాడతాం. నాకు తెలిసినంతలో పిల్లలకు ఎక్కువ మేలు చేసేది ఆ మూడో గడే.

పదో తరగతిలో ఈ మోసం అన్నిటికంటే ఎక్కువగా విద్యుత్తు పాఠంలో కనిపిస్తుంది. ‘కరెంటు పోయింది’, ‘ఈ గీజరు కరెంటు ఎక్కువ తాగుతుంది’ అని మనం రోజూ అంటాం. ఆ మాటలతో పెరిగిన పిల్లకు, ఒకే తీగలో వరుసగా పెట్టిన రెండు బల్బుల్లో మొదటిది కొంత కరెంటును తినేసి మిగిలింది రెండోదానికి వదులుతుందని అనిపించడం సహజం. నిజానికి శ్రేణిలో ఉన్న రెండింటిలోనూ ఒకే విద్యుత్ ప్రవాహం ఉంటుంది, ఖర్చయ్యేది ప్రవాహం కాదు, శక్తి. పరీక్షలకు అలవాటైన ప్రశ్న ఒకటి చెబుతాను: 220 వోల్టుల మీద పనిచేసే 100 వాట్ల బల్బునూ 40 వాట్ల బల్బునూ శ్రేణిలో కలిపి 220 వోల్టులు ఇస్తే ఏది ఎక్కువ వెలుగుతుంది? మీ అమ్మాయిని అడిగి చూడండి. ముందు లెక్క చేయనివ్వకండి. ఊహించి, ఎందుకలా అనుకుంటోందో ఒక వాక్యం రాసి పెట్టమనండి.

చాలామంది 100 వాట్లదే అంటారు. వాట్లు ఎక్కువ, కాబట్టి వెలుగు ఎక్కువ అన్నది వారి వాదన. బల్బు మీద రాసిన 100 వాట్లు అన్నది దానికి పూర్తిగా 220 వోల్టులు దక్కినప్పటి మాట. అది బల్బుకు పుట్టుమచ్చలా అంటుకుని ఉండే గుణం కాదు. బల్బుతో పాటు ఉండేది నిరోధం, అంటే ప్రవాహాన్ని అడ్డుకునే గుణం. వోల్టేజీ వర్గాన్ని సామర్థ్యంతో భాగిస్తే 100 వాట్ల బల్బు నిరోధం 484 ఓమ్‌లు, 40 వాట్లదానిది 1210 ఓమ్‌లు. రెండూ కలిసి 1694 ఓమ్‌లు కాబట్టి ప్రవాహం దాదాపు 0.13 ఆంపియర్లు. ఒకే ప్రవాహం రెండింటిలోనూ పోతున్నప్పుడు నిరోధం ఎక్కువ ఉన్నచోట ఎక్కువ శక్తి ఖర్చవుతుంది: 100 వాట్ల బల్బులో ఇంచుమించు 8 వాట్లు, 40 వాట్ల బల్బులో ఇంచుమించు 20 వాట్లు. చిన్నదే ఎక్కువ వెలుగుతుంది. (తీగ చల్లగా ఉన్నప్పుడు నిరోధం తగ్గుతుంది కాబట్టి అసలు అంకెలు కాస్త మారతాయి, జవాబు మారదు. ఈ కాలం పిల్లల్లో చాలామంది తీగ బల్బును చేతితో పట్టుకుని చూసినవారే కారు, ప్రశ్నపత్రాలు మాత్రం ఎల్‌ఈడీల దాకా ఇంకా రాలేదు.) ఇప్పుడు ఆమె ముందు రాసిన వాక్యాన్ని తీసి, అది ఎక్కడ తప్పిందో తానే దిద్దమనండి. జవాబు తప్పయినందుకు ఒక్క మాట కూడా అనకండి. ఆ దిద్దుబాటు వాక్యం పది లెక్కలతో సమానం.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇలా చెప్పేవాణ్ణి కాను. బోర్డు నిండా సూత్రాలు రాసి, డబ్బాలు గీసి, కింద రెండు గీతలు కొట్టి, ఇవి వస్తే చాలు అనేవాణ్ణి. ఫలితాలు కూడా బాగానే వచ్చేవి. నేను బడిలో పాఠం చెప్పిన పిల్లలే పీయూకు వచ్చి మళ్లీ నా ఎదుట కూర్చుని తెల్లమొహం వేసినప్పుడు గాని నేను చేసింది ఏమిటో నాకు తెలియలేదు.

ఇంట్లో చేయవలసిన పనుల సంగతికి వస్తాను. బడి ప్రయోగశాల మీద మీరు ఆశలన్నీ పెట్టుకోవద్దు. నేను పనిచేసిన ఒక బడిలో ప్రయోగశాల తాళం చెవి బీరువాలో ఉండేది, తనిఖీకి ఎవరైనా వచ్చిన రోజున బయటికి వచ్చేది. ఆ రోజు పిల్లలు కటకాలను బొమ్మలు చూసినట్టు చూసి వెళ్లేవారు. పదో తరగతికి నిజంగా కావలసిన సామాను మీ ఇంట్లోనే ఉంది.

ఇంట్లో పెద్దవాళ్ల చత్వారం కళ్లద్దాలు ఉంటాయి. వాటి పవరు 2 అని డాక్టరు చీటీ మీద ఉందనుకోండి. పగలు, గదిలో దీపాలు ఆర్పి, కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర ఆ అద్దాన్ని పట్టుకుని, మెల్లగా ముందుకూ వెనక్కూ జరుపుతుంటే ఒకచోట కిటికీ అవతలి దూరపు భవనం తలకిందులుగా, చిన్నదిగా, రంగులతో సహా గోడ మీద నిలుస్తుంది. అప్పుడు అద్దానికీ గోడకూ మధ్య దూరాన్ని టేపుతో కొలిస్తే అర మీటరుకు దగ్గరగా వస్తుంది. ఈ దూరాన్నే నాభ్యంతరం అంటారు. అది అర మీటరు, దాని వ్యుత్క్రమం, అంటే 1ని దానితో భాగిస్తే వచ్చేది, 2. చీటీ మీదున్న 2 డయాప్టర్లు (అద్దం పవరుకు ప్రమాణం) అదే. హ్రస్వదృష్టికి వాడే మైనస్ అద్దంతో అదే పని చేయమనండి. ఎంత జరిపినా గోడ మీద ఏమీ నిలవదు. నిజ ప్రతిబింబం (గోడ మీద నిలిచేది), మిథ్యా ప్రతిబింబం (నిలవనిది) అన్న మాటలు ఆ సాయంత్రం తర్వాత ఆమె మరిచిపోదు, గుర్తుల సంప్రదాయం మీద ఉన్న భయం కూడా సగం పోతుంది.

ఇంకొకటి మీటరు దగ్గర. ఈ కాలపు విద్యుత్ మీటర్ల మీద చిన్న ఎర్ర దీపం మినుకుమంటుంటుంది, పక్కన కిలోవాట్ అవర్‌కు ఎన్ని మినుకులో రాసి ఉంటుంది. అది 3200 అనుకుందాం. ఇంట్లో అన్నీ ఆపేసి 1000 వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే పెట్టి, ఇస్త్రీపెట్టె మీది దీపం వెలుగుతున్నంతసేపు మీటరు మినుకులను లెక్కపెడితే నిమిషానికి దాదాపు 53 మినుకులు రావాలి. 75 వాట్ల పాత ఫ్యాను ఒక్కటే తిరిగితే నిమిషానికి నాలుగే. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు అన్న వాక్యాన్ని పుస్తకంలో చదివిన పిల్లకూ, మెట్ల కింద నిలబడి 53 లెక్కపెట్టిన పిల్లకూ తేడా ఉంటుంది.

మూడోదానికి 30 సెంటీమీటర్ల స్కేలు చాలు. మీరు స్కేలును పై కొన దగ్గర పట్టుకోండి, ఆమె కింద సున్నా దగ్గర వేళ్లు తెరిచి ఉంచాలి. మీరు చెప్పకుండా వదిలేస్తే ఆమె పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే ఆమె ప్రతిచర్యకు పట్టిన కాలం 0.2 సెకను. ఎందుకో ఆమెనే లెక్క కట్టమనండి. తొమ్మిదో తరగతి సూత్రంతోనే వస్తుంది.

తొమ్మిదో తరగతి సూత్రం అన్న మాట కావాలనే అన్నాను, ఎందుకంటే తల్లిదండ్రులు గమనించని ఒక సంగతి అక్కడుంది. సీబీఎస్‌ఈ పదో తరగతి సైన్సులో 80 మార్కుల రాతపరీక్షలో భౌతికశాస్త్రానికి 25 మార్కులు: కాంతి, మానవ నేత్రం కలిపి 12, విద్యుత్తు, దాని అయస్కాంత ఫలితాలు కలిపి 13. చలనం, బలం, గురుత్వాకర్షణ, పని, శక్తి అన్న పాఠాలు తొమ్మిదిలోనే అయిపోతాయి, పదిలో వాటి ఊసు లేదు. ఆ ఏడాదంతా పిల్లలు వాటిని ముట్టుకోరు. పీయూసీ మొదటి ఏడాది మొదటి నెలల్లోనే అవన్నీ వెక్టర్లతో, గ్రాఫులతో, త్రికోణమితితో కలిసి ఒక్కసారిగా మీద పడతాయి. పదిలో 90 దాటిన పిల్లలు పీయూ మొదటి పరీక్షలో దెబ్బతినడానికి నేను చూసినంతలో పెద్ద కారణం ఈ ఏడాది ఖాళీయే, తెలివితక్కువతనం కాదు. అందుకే ఈ ఏడాది వారానికి ఒక్క చలనం లెక్క, ఒకే ఒక్కటి, ఆమె చేత చేయిస్తూ ఉండండి. ఎక్కువ చేయిస్తే పదో తరగతి పాఠం దెబ్బతింటుంది.

ఆ లెక్కలు కూడా అంకెల కుప్పలు కానక్కర్లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 36 కిలోమీటర్ల వడితో పోతున్న స్కూటరు సెకనుకు 10 మీటర్లు పోతుంది. బ్రేకు వేస్తే ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే 10 మీటర్లలో ఆగుతుంది. అదే 72 కిలోమీటర్లతో పోతే? రెట్టింపు వడి కాబట్టి 20 మీటర్లు అంటారు. కాదు, 40 మీటర్లు. ఆగే దూరం వడి వర్గంతో పెరుగుతుంది. ఇందులో ఆమె స్కేలుతో కొలుచుకున్న 0.2 సెకనును కూడా కలిపితే, బ్రేకు మీద వేలు పడకముందే బండి మరో 4 మీటర్లు పోయి ఉంటుంది. రోడ్డు మీద ఏమరుపాటుగా ఉన్న మనిషికి అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. ఒకటి రెట్టింపైతే రెండోది ఎన్ని రెట్లవుతుంది అని అడగడం అలవాటైతే, సూత్రంలో అంకెలు వేయకుండానే సగం ప్రశ్నలకు జవాబు తెలుస్తుంది. గణితం బాగా వచ్చిన పిల్ల కాబట్టి ఆమెకు ఇది త్వరగా పట్టుబడుతుంది.

పరీక్ష గురించి ఎక్కువ చెప్పను. ఈ బోర్డు ప్రశ్నల్లో సగం మార్కులు ఇప్పుడు ఒక సందర్భం ఇచ్చి దాన్ని వివరించమనే తరహాకే పోతున్నాయి, కాబట్టి నేను పైన చెప్పిన అలవాటు మార్కుల కోసమైనా కావాలి. కిరణ చిత్రాల్లో బాణం గుర్తులు మరిచిపోవద్దు, ప్రతి జవాబుకూ ప్రమాణం రాయాలి, మిథ్యా కిరణాలను చుక్కల గీతలతో గీయాలి. ఈ మూడింటి దగ్గరే ఏటా మంచి పిల్లలు మార్కులు పోగొట్టుకుంటారు. మిగతాది సాధన.

ట్యూషన్ విషయానికి వస్తే, అవసరమనిపిస్తే పెట్టించండి, కానీ ముందు ఒక గంట వెనక కూర్చుని చూడండి. ఆ గంటలో కలం ఎవరి చేతిలో ఉందో గమనించండి. మాస్టారు పన్నెండు లెక్కలు చకచకా చేసి చూపిస్తే మీ అమ్మాయి చేసింది సున్నా, ఆమెకు వచ్చింది రాతపని. రెండే లెక్కలు జరిగినా ఆమె మాట్లాడి, తప్పు గీసి, కొట్టేసి, మళ్లీ గీసి ఉంటే ఆ మనిషిని వదులుకోవద్దు, ఆయన చేతిలో పెద్ద డిగ్రీలు లేకపోయినా సరే. పదో తరగతిలోనే పోటీ పరీక్షల ‘ఫౌండేషన్’ అంటూ పదకొండో తరగతి సూత్రాలను తలకెక్కించే చోట్లకు మాత్రం పంపవద్దని నా గట్టి సలహా. కర్ణాటకలో ఇంజనీరింగ్ వంటి కోర్సుల ప్రవేశ పరీక్ష అయిన కేసీఈటీలో భౌతికశాస్త్రానికి 80 నిమిషాల్లో 60 ప్రశ్నలు. ఆ వేగం తర్వాత రావలసింది. నడక రాని పిల్లకు పరుగు పందెం నేర్పితే మోకాళ్లు పగులుతాయి.

దానికి బదులు ఒక ఆదివారం కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియానికి తీసుకెళ్లండి. 1962 నుంచి ఉన్న ఆ మ్యూజియంలో ఇంజన్ల హాలూ విద్యుత్తు ప్రదర్శనలూ ఉన్నాయి, మీటలు నొక్కి చూసుకోవచ్చు. ఒకే రోజున అంతా చూడాలని పరుగెత్తవద్దు, రెండు ప్రదర్శనల దగ్గర నిలబడి ఇది ఎలా పనిచేస్తోందని ఆమెను తెలుగులో చెప్పమనండి. సదాశివనగర్ వైపు వెళ్లినప్పుడు సి.వి. రామన్ 1948లో నెలకొల్పిన పరిశోధన సంస్థను కూడా చూపించి, ఆయన చిన్నప్పుడు చదివింది మన విశాఖపట్నంలోనేనని చెప్పండి. ఆమె పదో తరగతి పుస్తకంలో కాంతి పరిక్షేపణం, అంటే కాంతి చెదరడం, గురించి ఉన్న భాగానికి ఆయనతో సంబంధం ఉంది. 1921లో ఓడ ప్రయాణంలో ఆయన సముద్రం నీలంగా ఎందుకుందని అడిగి, ఆకాశపు నీలం నీటిలో ప్రతిఫలించడం వల్లనే అని పెద్ద శాస్త్రవేత్తలు చెప్పినదాన్ని నమ్మక, ఒక నికోల్ పట్టకంతో (కాంతిని వడగట్టే స్ఫటికపు ముక్క) ఆ ప్రతిఫలించిన కాంతిని అడ్డుకుని చూశారు. నీలం పోలేదు సరికదా, ఇంకా చిక్కగా కనిపించింది. నీరే కాంతిని చెదరగొడుతోంది. చేతిలో ఇమిడే ఒక్క పట్టకంతో తేల్చిన సంగతి అది.

ఇక మిగిలింది పీయూసీలో సైన్సు తీసుకోవాలా వద్దా అన్నది. ఇప్పుడు మాన్పించవద్దు, ఇప్పుడే మాట కూడా ఇవ్వవద్దు. సంవత్సరమంతా ఇలా నడిచిన తర్వాత, బోర్డు పరీక్షలు అయిపోయి ఇంట్లో తీరుబడిగా ఉన్నప్పుడు తేల్చుకోండి. ఏప్రిల్ 24 ప్రాంతంలో బెంగళూరులో సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఆ రోజు మధ్యాహ్నం 12 గంటల 18 నిమిషాల వేళకు ఒక స్టీలు గ్లాసును డాబా మీద బోర్లించి పెడితే దాని నీడ దాని కిందికే పోతుంది. ఆమెను పదిన్నర నుంచే అక్కడ కూర్చోబెట్టి, పావుగంటకొకసారి నీడ కొనను సుద్దతో గుర్తు పెట్టమనండి. కిందికి వచ్చాక కర్నూలులో ఉన్న అమ్మమ్మ గ్లాసుకు అదే రోజు నీడ ఉంటుందా అని అడగండి. ఉంటుంది. అక్కడ మే మొదటి వారం దాకా ఆగాలి. ఎందుకని అడిగినప్పుడు ఆమె ఫోను తీయకుండా, ఒక బత్తాయి పండూ టార్చి లైటూ తెచ్చుకుని మీకు తెలుగులో చెప్పడం మొదలుపెడితే, చెప్పేటప్పుడు మధ్యలో తప్పిపోయి మళ్లీ మొదటికొచ్చినా సరే, దరఖాస్తులో సైన్సు అనే రాయించండి.